పెంకులు తిరగేసిన శనివారం

ఐదు కాకముందే మీరు గుడ్లవల్లేరు కాలవ గట్టు మీద ఉన్నారు. ముందు బావ, వెనక బాబాయ్, పక్కన చిన్నప్పటి స్నేహితులిద్దరు. కాలవ కట్టేసి నెల దాటింది. అడుగున మిగిలిన మడుగుల్లో కొంగలు దిగాయి. గట్టు దిగువన నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి, కర్ర దూర్చితే మూరెడు లోపలికి పోయేటట్టున్నాయి. రోహిణి కార్తె కదా, తెల్లవారుజామునే గాలి వేడిగా ఉంది. వంతెన దాకా గబగబా నడిచి వెనక్కి తిరిగేసరికి చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి.

"ఇంక చాల్లే బావా, ఇంటి మీదికి ఎక్కే ఓపిక ఉంచుకో" అంటున్నారు మీరు.

ఇల్లు అత్తయ్యది. వానలు పడేలోగా పెంకులు తిరగెయ్యాలి. శనివారం ఇనుము కొనకూడదని ఆవిడ మేకులు నిన్ననే తెప్పించి అరుగు మీద పెట్టింది. ఇవాళ ఆవిడకి ఒంటిపూట. మీకు మాత్రం ఎక్కేముందే చల్దన్నం, కొత్తావకాయ.

నిచ్చెన ఎక్కి చూరు దాటారు. పెంకు నడిమధ్య అడుగేస్తే టప్పున విరుగుతుంది. కింద వాసం ఉన్నచోట చూసుకుని, ఒళ్ళు వంచి, ఉత్త పాదాలతో పాకినట్టు నడవాలి. "వాసం మీద బాబూ, వాసం మీద!" అని మేస్త్రీ కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. నడికప్పు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వరసా ఊడదీస్తున్నారు. మీ చేతిలోంచి బావకి, బావ చేతిలోంచి నిచ్చెన మీదున్నవాడికి, అక్కణ్ణుంచి బాబాయ్‌కి. "అందుకో." "ఆఁ." "అందుకో." ఒక పెంకు కింద తేలు. తాపీతో పక్కకి నెట్టేశారు. ఎలుకలు పోగేసిన గడ్డి, ఏళ్ళ నాటి వేపాకు, మసి. భుజాలు లాగుతున్నాయి. కళ్ళలోకి చెమట దిగుతోంది.

వీటిని మనవాళ్ళు బెంగుళూరు పెంకులంటారు గానీ, పుట్టిల్లు మంగళూరు. 1865లో అక్కడ బాసెల్ మిషన్ వాళ్ళు తొలి కార్ఖానా పెట్టారు. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చుంటుంది, అడుగున ముక్కు రీపరుని పట్టుకుంటుంది. స్లాబు వేసెయ్యమని అత్తయ్యకి చెప్పనివాళ్ళు లేరు. కానీ చెడిన పెంకు ఒక్కటే తీసి మరొకటి పెట్టుకోగలగడం చిన్న సంగతి కాదు. ఇల్లు బాగుచేసుకోవడానికి డబ్బుకంటే ముందు నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురూ ఈ కప్పు మీదే ఉన్నారు. ఇవాళ అత్తయ్యకి, రేపు మీకు.

తాటివాసాలు చేవ దేరినవి, సుత్తితో కొడితే ఖణేల్మంటున్నాయి. రీపర్లలో రెండింటిని చెద తినేసింది. బాబాయ్ వాటిని ఊడపీకుతూ, "ఆ ఉప్పెన వచ్చింది కూడా శనివారమేరా" అన్నాడు. 1977 నవంబరు 19. దివిసీమలో వేలమంది పోయిన రోజు. ఈ ఇంటి పెంకులు ఆ గాలికి దొడ్లో పడి ముక్కలయ్యాయట. తెల్లారి ఇరుగుపొరుగే వచ్చి తాటాకు కప్పారట. చెప్పి, మళ్ళీ మేకు అందుకున్నాడు.

పది దాటితే పెంకు మీద కాలు పెట్టలేరు. దిగిపోయారు. ఒకరు బియ్యం మర పట్టించుకొచ్చారు, ఒకరు నీళ్ళ డబ్బాలు తెచ్చారు, మీరు పెరట్లో కారుతున్న కుళాయికి వాషరు మార్చారు. మామిడికాయ పప్పు, వడియాలు, గిన్నెడు మజ్జిగ. అరుగు మీద అరగంట కునుకు.

మూడింటికి పడమటి గోడ దగ్గర కూర్చున్నారు. కిటికీ మూల నుంచి నేలదాకా బీట. సిమెంటు కూరేద్దామన్నారు మీరు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు: "ఇప్పుడు బిగించేస్తే, వానలకి నేల ఉబ్బినప్పుడు పక్కన ఇంకోటి విచ్చుకుంటుంది. సున్నంతో పైపైన పూద్దాం." 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ నేల కాలవతో తడుస్తూ, కాలవతో ఎండుతూ వస్తోంది. ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలే వేళకి గోడలు మళ్ళీ కదులుతాయి. ఆయన మాట విని సున్నమే కలిపారు.

ఎండ తగ్గాక మళ్ళీ పైకి. ఈసారి చూరు నుంచి పైకి పేర్చుకుంటూ వచ్చారు. వంటింటి మీద అద్దం పెంకు తుడిచి పెట్టారు. బందరు రైలు కూత వేసేసరికి నడికప్పు మీద సిమెంటు పూత పూర్తయింది, అది ఆరేదాకా ఆ వరసకి నీళ్ళు తగలనివ్వకూడదు.

దాని కింది వరసల మీద పైపుతో నీళ్ళు వదులుతున్నారు. లోపల అత్తయ్య తల పైకెత్తి గది గదీ తిరుగుతోంది.

"మధ్యగదిలో, దూలం పక్కన ఒక చుక్క పడుతోందిరా!"

బావ అక్కడికి పాకి, పెంకుని రెండు వేళ్ళ మందం జరిపి గాడిలో కూర్చోబెట్టాడు. మళ్ళీ నీళ్ళు.

"ఆగింది!"

వచ్చే శనివారం బాబాయ్ వాళ్ళ దొడ్డిగోడ. ఇటుకలు మాత్రం శుక్రవారమే దింపించాలి.