దూదేకుల సిద్దయ్య నుండి 'జుమ్మా' కథ దాకా

మన సీమలో పేర్లు వింటేనే సగం చరిత్ర తెలిసిపోతుంది. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో దస్తగిరి, మస్తానయ్య, హుసేనప్ప, ఫకీరప్ప అనే పేర్లుగల హిందూ సోదరులు ఎందరో! పీర్ల పండుగకు గుండం తొక్కేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు. ఉగాదినాడు ముస్లిములు టెంకాయ పట్టుకొని దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోతారు. బీబీ నాంచారి మన ఆడబిడ్డ గనుక స్వామి ఇంటి అల్లుడేనట! గండికోటలో మాధవరాయ ఆలయము, జామియా మసీదు ఒకే కోట గోడల నడుమ నిలిచి ఉన్నాయి. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకునేవే. అయితే ఇంత కలిసిపోయిన చోట వెలి అనేది లేదనుకుంటే పొరపాటు.

దూదేకుల సిద్దయ్యనే తీసుకుందాం. 17వ శతాబ్దంవాడని చెప్పే ఈ ముడుమాల పిల్లవాడు కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడైనాడు. కన్నవాళ్ళు ఒప్పుకోలేదనీ, ఫిర్యాదు నవాబు దాకా పోయిందనీ కథ చెబుతారు. మఠంలో మాత్రం గురువుగారికి అందరికంటే దగ్గరివాడు ఈ తురక శిష్యుడే.

ఆయన పుట్టిన కులం సంగతి నేటికీ అట్లాగే ఉంది. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ళ పాతవృత్తి. ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ రాదని మనవాళ్ళలో కొందరు వాళ్ళకు పిల్లనివ్వరు, వాళ్ళ పిల్లను తెచ్చుకోరు. ఊరివాళ్ళకేమో వాళ్ళూ సాయిబులే! సర్కారు జాబితాలో దూదేకులవారు బి.సి.-బి, 2007లో మరికొన్ని ముస్లిం తెగలకు బి.సి.-ఇ వచ్చింది. కాగితం మీద కూడా వేరువేరు గడులే అన్నమాట. ఉర్దూ పాఠాలు చెప్పి బతికే మేము ఈ మాట అంటే కొందరికి రుచించకపోవచ్చు.

ఇక కథల సంగతి. పాత తెలుగు నవలల్లో సాయిబు అంటే జట్కావాడో, అత్తర్లమ్మేవాడో. వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించి పోతాడు. సీమ సాయిబు తెలుగు విన్నవాడెవడూ అట్లా రాయడు. ఇంటి లోపలి బతుకు కథలోకి రావాలంటే ఆ ఇంటివాళ్ళే కలం పట్టవలసి వచ్చింది. కడపలో సత్యాగ్ని (షేక్ హుసేన్), మన ప్రొద్దుటూరులో దాదాహయత్ రాశారు. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' కథాసంకలనం వచ్చింది. పులివెందుల పక్కనున్న వేంపల్లె నుండి వేంపల్లె షరీఫ్ వచ్చి, 'జుమ్మా' కథల పుస్తకానికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు.

ఆ 'జుమ్మా' కథలో శుక్రవారం నమాజు తప్పవద్దని కొడుకుని పోరే తల్లి ఉంది. 2007 మే 18న, శుక్రవారమే, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. తరువాత అదే తల్లి మసీదుకు పోవద్దంటుంది. చిన్న కథే. తెలుగు అక్షరాలు రాని ముసలమ్మలు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. పిల్లలెవరైనా చదివి వినిపిస్తే ఉర్దూలోకి మార్చి చెప్పే పనిలేకుండానే వాళ్ళకు అర్థమవుతుంది.