లాంగ్ టర్మ్ ఏడాదికి ఎడ్యుకేషన్ లోన్ వస్తుందా?

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఇంటర్ అయ్యాక పిల్లల్ని నీట్ కోసం ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పించే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే, మామూలు విద్యా రుణం రాదు. బ్యాంకులు పాటించే ఐబీఏ మోడల్ స్కీమ్‌లో గుర్తింపు ఉన్న కోర్సులో సీటు వచ్చాకే లోన్. కోచింగ్ ఫీజు రసీదు అడ్మిషన్ లెటర్ కిందికి రాదు.

అందుకే అమ్మీ నగలు తాకట్టుకు పోతాయి. ఇక్కడే జాగ్రత్త. విద్యా రుణానికి కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీలు మొదలుకావు, వడ్డీ మాత్రం లెక్కలో పడుతూనే ఉంటుంది. గోల్డ్ లోన్ అలా కాదు, చాలావరకు ఏడాదిలోపే తీర్చాలి, లేదంటే తిరగరాయించుకోవాలి. అంటే సరిగ్గా సీటు వచ్చే టైముకే ఆ బాకీ మీద పడుతుంది. ఉన్న బంగారమంతా కోచింగ్‌కే పెట్టేయకండి.

సీటు వచ్చాక 4 లక్షల దాకా మన వాటా కట్టక్కర్లేదు, 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.