ఫోర్క్: పంగలకర్ర నుంచి బిట్‌కాయిన్ దాకా
లాటిన్‌లో ‘ఫుర్కా’ అంటే రైతు గడ్డి ఎత్తే పంగలకర్ర. అదే ఇంగ్లీషులో ఫోర్క్ అయి భోజనాల బల్ల ఎక్కింది. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ రెండుగా చీలడానికీ అదే పేరు.

బిట్‌కాయిన్ వాళ్లకు మాత్రం ఈ మాట వింటే గుండె గుభేలుమంటుంది. 2013 మార్చిలో 225430వ బ్లాకు దగ్గర లావాదేవీల బ్లాకుల గొలుసు అచ్చం పంగలాగే చీలింది. ఆ గొలుసును దాచి సరిచూసే కంప్యూటర్లే నోడ్లు. 0.8 కన్నా పాత వెర్షన్ నోడ్లు వాడిన బర్క్‌లీ డేటాబేస్‌లో, ఒకేసారి నడిచే పనులు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా వేసే ‘లాకు’లకు ఓ పరిమితి ఉండేది. ఆ భారీ బ్లాకుకు అవి చాలక చాలా పాత నోడ్లు దాన్ని తోసిపుచ్చాయి. లెవెల్‌డీబీ అనే మరో డేటాబేస్‌కు మారిన 0.8 వెర్షన్ నోడ్లేమో చక్కగా ఒప్పుకున్నాయి. లాకుల కొరతే తెలియకుండా నిబంధనై కూర్చుందన్నమాట!

కొత్త బ్లాకులు తయారుచేసే మైనర్లు 0.7 వెర్షన్‌కు వెనక్కి మళ్లితే గానీ పాత నోడ్ల పాయ రెండో పాయను మించి పొడవెక్కలేదు.

తెలుగులో ఫోర్క్‌ను ‘చీలిక’ అనొచ్చు. ‘పంగ’ అంటే బొమ్మ ఇంకా బాగా కళ్లకు కడుతుంది.