లెక్కలోకి రాని దరువు

తాళమంటే కాలాన్ని సమానమైన ముక్కలు చేసుకోవడం, ఎన్ని ముక్కలకు ఒక వరస పూర్తవుతుందో, ఏ ముక్క మీద బరువు పడాలో తేల్చుకోవడం. నాట్లేసే ఆడవాళ్ళకు, రోకటిపోటు వేసేవాళ్ళకు, డప్పు కొట్టే మాదిగకు ఈ లెక్క తెలుసు. అయినా మన సంగీత చరిత్రలో సభలో చేత్తో వేసింది తాళమైంది, వీధిలో పుల్లతో కొట్టింది చప్పుడైంది. ఈ తేడా సంగీతంలోంచి పుట్టిందా, కులంలోంచి పుట్టిందా అనేది తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ముందు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. కర్ణాటక సంగీతంలో ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక అని ఏడు తాళాలు. లఘువుకు మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరాలు వేసుకుంటే తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ అనే ఐదు జాతులు. ఏడింటిని ఐదుతో హెచ్చిస్తే 35 తాళాలు. అందరికీ తెలిసిన ఆదితాళం చతురశ్రజాతి త్రిపుటే, నాలుగూ రెండూ రెండూ కలిపి ఎనిమిది. ఇక్కడ 'జాతి' అంటే ఒట్టి అంకె. అంకెకు మైల లేదు.

కానీ శాస్త్రకారులు అంకెల దగ్గర ఆగలేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్‌ఙ్గదేవుడు రాసిన 'సంగీత రత్నాకరం' స్వరాలకే వర్ణాలు కట్టింది. షడ్జమ, మధ్యమ, పంచమాలు బ్రాహ్మణ స్వరాలు. రిషభ, ధైవతాలు క్షత్రియాలు. గాంధార, నిషాదాలు వైశ్యాలు. అంతర, కాకలి స్వరాలు శూద్రాలు. పంచమ స్వరానికి బ్రాహ్మణ్యం దక్కింది గానీ, పంచముడు అసలు లెక్కలోనే లేడు. స్వరానికే కులం కట్టినవాళ్ళ దగ్గర డప్పుకు ఏ చోటు దొరుకుతుంది?

నడకకు మాత్రం కులం లేదనడానికి తెలుగు సాహిత్యమే సాక్ష్యం. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు లాంటి జనం పాటల్ని పేర్లతో సహా చెప్పాడు. మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల నడక లాక్షణికుల వృషభగతి రగడలో ఉంది. అదే నడకలో గురజాడ 1910లో ముత్యాలసరాలు కట్టాడు. గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దని పాట రాస్తే, 1921లో దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని బదులు పాట కట్టాడు. అటు తెల్లదొరను నిలదీసిన పాటను ఇటు నల్లదొర మీదికి తిప్పాడు. పాట నడక ఏ కులానికీ కట్టుబానిస కాదు.

ఇక డప్పు దగ్గరికి వద్దాం. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. చిర్ర బరువు దెబ్బ వేస్తుంది, చిటికెన పుల్ల మధ్య ఖాళీల్ని నింపుతుంది. తోలు వదులైతే మంట దగ్గర కాచి బిగిస్తారు. చావుకొక దరువు, పెళ్ళికొకటి, జాతరకొకటి. దరువు విని ఊరు సంగతి తెలుసుకునేది. ఆరు దెబ్బల్ని మూడేసి చొప్పున రెండుగా కొడితే ఒక అడుగు, రెండేసి చొప్పున మూడుగా కొడితే ఇంకో అడుగు. పాశ్చాత్య స్వరలిపిలో మొదటిదాన్ని ఆరు బై ఎనిమిది అనీ, రెండోదాన్ని మూడు బై నాలుగు అనీ రాస్తారు. దెబ్బలు అవే ఆరు, బరువు పడే చోటు మారింది. కాలేజీలో పాఠంగా చెప్పే ఈ తేడాను వాడలో పిల్లగాడు కాళ్ళతో నేర్చుకుంటాడు.

మరి అంటు తోలుకా? మృదంగానికి కావలసిందీ ఆవుతోలు, మేకతోలు, గేదెతోలే. ఆ తోళ్ళు పదును చేసి మృదంగం కట్టేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో వివరంగా రాశాడు. తోలు సభలోకి వెళ్ళింది, దాన్ని కట్టిన చెయ్యి గుమ్మం బయటే ఉండిపోయింది. కాబట్టి అంటు తోలుకు కాదు, మనిషికి.

ఇక్కడే మన వాళ్ళ ముందు గట్టి చిక్కు ఉంది. డప్పు విద్యే కాదు, వెట్టి కూడా. 1866 తర్వాత ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మతం పుచ్చుకున్న మాదిగలకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడోదాన్ని పాటిస్తే జాతరలో డప్పు కొట్టడానికి వీల్లేదు. కొట్టమని తెగేసి చెప్పినందుకు ఊరి పెద్దల చేత బాధలు పడ్డారు. డప్పు వదలడం వాళ్ళకు ఆత్మగౌరవం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును భుజానికెత్తుకుంది. డప్పు పట్టడం వీళ్ళకు ఆత్మగౌరవం. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నేననుకోను. మొదటివాళ్ళు కాదన్నది వెట్టిని. రెండోవాళ్ళు నిలబెట్టుకున్నది విద్యని. ఎవరి కోసం కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో నిర్ణయించే హక్కు కొట్టేవాడిదేనని ఇద్దరూ చెప్పారు.

అందుకే మన పరిశోధకుల మీద ఒక బాధ్యత ఉంది. డప్పును 'జానపదం' అనే మూటలో కట్టి అటకెక్కించడం కాదు. ఏ ఊళ్ళో ఏ దరువుకు ఏం పేరు, ఎన్ని దెబ్బలు, బరువు ఎక్కడ పడుతుంది అనేది కొట్టేవాళ్ళ మాటల్లోనే రాసిపెట్టాలి. తిశ్రం, మిశ్రం అని పేరు పెట్టాకే అది శాస్త్రమవుతుందనుకుంటే మళ్ళీ పాత గుమ్మం ముందే నిలబడ్డట్టు. పెద్దవాళ్ళు వెట్టి మానారు, పిల్లలు చదువులకొచ్చారు. మంచిదే. ఆ వెట్టితోపాటు లెక్క కూడా మట్టిలో కలవకుండా చూసుకోవాల్సింది చదువుకున్న మనమే.