ర్యాపు గీతమున పడతి పలుకు

ర్యాపు గీతములు స్త్రీని కించపరచుచున్నవా యను ప్రశ్న పుట్టినప్పుడెల్ల, ఆ గానము పురుషుల సొత్తనియు, అందు స్త్రీకి నిందలు వినుట తప్ప వేరు స్థానము లేదనియు తలచి వాదమునకు దిగుట పరిపాటియైనది. చరిత్ర యట్లు చెప్పదు. 1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనమున జరిగిన ఏ వేడుకను ర్యాపునకు మాతృకయైన హిప్-హాప్ జన్మదినముగా చెప్పుకొందురో, ఆ వేడుకను తలపెట్టినది సిండీ కాంప్‌బెల్ అను నల్లజాతి బాలిక. బడి తెరచునాటికి క్రొత్త దుస్తులు కొనుటకు సొమ్ము కావలసి, ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు రుసుము పెట్టి, రికార్డులు వాయించు పనిని జమైకాలో పుట్టిన తన యన్నకు, అనగా పిదప డీజే కూల్ హెర్క్ అని ప్రసిద్ధి కెక్కిన యువకునకు, ఆమె యప్పగించెను. 1979లో ‘రాపర్స్ డిలైట్’ వెలువరించి ఈ వీథిపాటను దేశమంతట మ్రోగించిన షుగర్ హిల్ సంస్థను నడపినదియు సిల్వియా రాబిన్సన్ అను స్త్రీయే.

1984లో యూటీఎఫ్‌ఓ అను ర్యాపు బృందమువారు, తమ్ము లక్ష్యపెట్టని రాక్సాన్ అను పిల్లను ఎగతాళి చేయుచు ఒక పాట పాడిరి. క్వీన్స్‌బ్రిడ్జి పేటలోని పదునాలుగేండ్ల బాలిక యొకతె, ఆ పేరునే తాను ధరించి, రాక్సాన్ షాంటే యై, మైక్రోఫోను ముందు నిలిచి ఆశువుగా ప్రత్యుత్తర మిచ్చెను. తిట్టిన నోటికి తిట్టుతోనే తాళము వేసిన ఆ చిన్నదాని ధాటిని, ఆశుకవిత్వపు రుచి మరగిన మన తెలుగువారు మెచ్చక మానరు. ఆ పాటకు జవాబులు, జవాబులకు జవాబులు పదులకొలది పుట్టెను.

అటుపిమ్మట వ్యాపారము పెరిగెను, పాట మోటుదేరెను. 1990లో ఫ్లోరిడాలోని ఫెడరల్ న్యాయాధిపతి టూ లైవ్ క్రూ అను ర్యాపు బృందపు ఆల్బము నొకదానిని అశ్లీలమని నిర్ణయించెను. 1992లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. ఆ నడుమ, బృందముపై నడచిన వేరొక కేసులో, హెన్రీ లూయీ గేట్స్ అను పండితుడు, వారి పాట నల్లజాతివారి పరిహాస సంప్రదాయమున భాగమని సాక్ష్యమిచ్చెను. సంప్రదాయమే కావచ్చును, అయినను పరిహాసమునకు బలియగునది ఎల్లప్పుడును స్త్రీ శరీరమే యైనచో దానిని క్రీడయని సరిపెట్టుకొనుటకు నా మనస్సొప్పదు. కింబర్లే క్రెన్‌షా అను న్యాయశాస్త్ర పండితురాలు 1991లో వ్రాసిన వ్యాసమున ఈ మర్మమును పట్టుకొనెను: నేరము మోపినవారు సభ్యతను గూర్చియు, సమర్థించినవారు జాతి సంస్కృతిని గూర్చియు మాటలాడిరే గాని, ఆ పాటలచే గాయపడిన నల్లజాతి స్త్రీని ఉభయులును విస్మరించిరి. ఆ స్త్రీ ఊరకుండలేదు. 1993లో క్వీన్ లతీఫా అను ర్యాపు గాయని, వీథిలో తన్ను నీచపదముతో పిలిచినవానిని నిలదీయుచు ‘యూనిటీ’ పాడి, ఆ పాటకు గ్రామీ బహుమానమందెను.

2004లో అట్లాంటాలోని స్పెల్మన్ అను నల్లజాతి స్త్రీల కళాశాలకు, ఎముకమజ్జ దాతల నమోదుకొరకు, నెల్లీ అను ర్యాపు గాయకుడు రావలసియుండెను. రక్తక్యాన్సరుతో బాధపడుచున్న అతని సోదరి యెడ ఆ విద్యార్థినులకు సానుభూతి లేకపోలేదు. అయినను స్త్రీ పిరుదుల నడుమ క్రెడిట్ కార్డు గీచుచు అతడు తీయించిన వీడియోను గూర్చి తమతో కూర్చుండి మాటలాడవలెనని వారడిగిరి. అతని సంస్థ ఆ కార్యక్రమమునే రద్దుచేసికొనెను. ఆనాడడిగినవారిలో నొకతెయైన మోయా బెయిలీ, నల్లజాతి స్త్రీయైనందుననే ఒకతెకు ఎదురగు ద్వేషమునకు ఆంగ్లమున పేరు లేదని గుర్తించి, కొన్నియేండ్లకు ‘మిసోజినువార్’ అను క్రొత్త పదమును కల్పించెను.