బైబిల్ చదవాలంటే పర్మిషన్ లెటర్ కావాలా? కథోలిక చర్చి 1600 ఏళ్ల కథ

ఈ రోజు టాపిక్ ఒక లంచ్ టేబుల్ దగ్గర పుట్టింది.

నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజులు. మా టీమ్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఒకడిది గుంటూరు వైపు ఆర్‌సీఎం కుటుంబం, అంటే రోమన్ కథోలిక్స్. ఇంకొకడిది ప్రొటెస్టెంట్ కుటుంబం. ఓ రోజు ఇద్దరూ ఫోన్లలో బైబిల్ యాప్ తెరిచి వాదించుకుంటున్నారు. ఒకడి యాప్‌లో 66 పుస్తకాలు, ఇంకొకడి యాప్‌లో 73. "మీరు 7 కలిపారు" అని వీడు, "మీరే 7 తీసేశారు" అని వాడు. కాసేపటికి గొడవ ఇంకో మలుపు తిరిగింది. "అసలు మీ చర్చి వందల ఏళ్లు జనాన్ని బైబిలే చదవనివ్వలేదు కదరా!" "అదంతా వాట్సాప్ చరిత్ర. మా చర్చి ఎప్పుడూ బ్యాన్ చేయలేదు."

అలా అన్నాక ఆ ఆర్‌సీఎం కుర్రాడు కొంచెం తగ్గి, "మా నానమ్మకి జపమాల ప్రార్థనలన్నీ నోటికొచ్చు. కానీ వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో బైబిల్ లేదట. ఎందుకో నాకూ తెలీదు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను క్రైస్తవుణ్ణి కాదు, మత ప్రచారానికో విమర్శకో ఈ వీడియో చేయట్లేదు. ఆ నానమ్మ ఇంట్లో బైబిల్ ఎందుకు లేదు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చరిత్రలో వెనక్కి వెళ్దాం.

ముందు లిస్టు సంగతి

బైబిల్ ఆకాశం నుంచి ఒకే బౌండు పుస్తకంగా ఊడిపడలేదు. మొదటి మూడు శతాబ్దాల్లో సువార్తలు, ఉత్తరాలు విడివిడిగా తిరిగేవి. ఒక ఊరి సంఘం చదివే పుస్తకాన్ని ఇంకో ఊరి సంఘం అనుమానించేది. ఇప్పుడు మనకు తెలిసిన కొత్త నిబంధనలోని 27 పుస్తకాలను సరిగ్గా అలాగే లిస్టు చేసి రాసింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్, క్రీ.శ. 367లో. ఆ 27 దగ్గర మన ఇద్దరు కుర్రాళ్లకూ గొడవ లేదు.

గొడవంతా పాత నిబంధన దగ్గరే. యూదుల గ్రంథాలు హెబ్రీ భాషలో ఉన్నాయి. వాటి గ్రీకు అనువాదం సెప్టువజింట్. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి పుస్తకాలు ఈ గ్రీకు సేకరణలో ఉన్నాయి, హెబ్రీ లిస్టులో లేవు. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది గ్రీకు చదివేవాళ్లే కాబట్టి ఆ పుస్తకాలు కూడా వాడుకలోకి వచ్చేశాయి. 393లో హిప్పోలో, 397లో కార్తేజ్‌లో జరిగిన ఉత్తర ఆఫ్రికా బిషప్పుల సభలు వాటిని కలిపే లిస్టు ఇచ్చాయి.

అదే సమయంలో జెరోమ్ అనే పండితుడు వచ్చాడు. 382 ప్రాంతంలో పోపు డమాసస్ ఆయనకు లాటిన్ సువార్తలను సరిదిద్దే పని అప్పగించాడు. తర్వాత ఆయన బెత్లెహేముకు వెళ్లి స్థిరపడి, పాత నిబంధనను నేరుగా హెబ్రీ నుంచి లాటిన్‌లోకి తెచ్చాడు. తర్వాతి కాలంలో వల్గేట్ అన్న బైబిల్‌కు ఇదే పునాది. హెబ్రీలో లేని ఆ పుస్తకాల మీద జెరోమ్‌కు అనుమానం. హిప్పో బిషప్పు అగస్టీన్‌కు మాత్రం అవి కావాలి. అంటే మా లంచ్ టేబుల్ గొడవ 1600 ఏళ్ల పాతదన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంఘటన ఒకటుంది. అగస్టీన్ జెరోమ్‌కు ఉత్తరం రాస్తూ చెప్పాడు. ఓయా అనే ఊళ్లో, అంటే ఇప్పటి లిబియాలోని ట్రిపోలీలో, ఒక బిషప్పు జెరోమ్ కొత్త అనువాదం చదివించాడు. యోనా కథలో ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క ఉంటుంది. పాత లాటిన్‌లో అది సొర జాతి తీగ. జెరోమ్ దాన్ని ఐవీ అనే పాకుడు తీగగా మార్చాడు. అంతే, జనం గోల గోల. తాతల కాలం నుంచి విన్న మాట మారుస్తారా అని తిరగబడ్డారు. చివరికి ఆ బిషప్పు మనుషులెవరూ మిగలరేమో అన్న భయంతో వెనక్కి తగ్గాడట. జెరోమ్ జవాబు: హెబ్రీలో ఉన్న ఆ మొక్కకు లాటిన్‌లో పేరే లేదు, నేనేం చేయను? అది ఆముదం చెట్టు అయ్యుండొచ్చని ఇప్పటి పండితులు చాలామంది అంటారు. మన తెలుగు బైబిల్ తెరిస్తే యోనా 4వ అధ్యాయంలో మళ్లీ సొరచెట్టే కనిపిస్తుంది!

నవ్వు తెప్పించే గొడవే కానీ, అసలు కథంతా ఇందులోనే ఉంది. మూలం ఏం చెబుతోందో తెలిసిన పండితుడు ఒకవైపు. విని పెరిగిన జనం ఇంకోవైపు. గొడవ కాకూడదనుకునే బిషప్పు మధ్యలో. ముగ్గురిలో చివరి మాట ఎవరిది?

బ్యాన్ చేశారా, చేయలేదా?

మధ్యయుగాల్లో బైబిల్ అంటే చేత్తో రాసిన ప్రతి. చాలా ఖరీదు. చదవడం వచ్చినవాళ్లు తక్కువ. మామూలు మనిషికి బైబిల్ అంటే పూజలో వినేది, గుడి గోడల మీద బొమ్మల్లో చూసేది.

బ్యాన్ ఉందా అంటే, కొన్ని చోట్ల ఉంది. 1229లో దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్‌లో జరిగిన సభ, మామూలు జనం పాత, కొత్త నిబంధన పుస్తకాలు దగ్గర పెట్టుకోకూడదని చెప్పింది. కీర్తనలు, ప్రార్థన పుస్తకాలు మాత్రం ఉంచుకోవచ్చు, అవి కూడా లాటిన్‌లోనే. అక్కడ కథార్లు అనే వర్గంతో చర్చికి యుద్ధం అప్పుడే ముగిసింది. ఆ భయంలోంచి వచ్చిన రూలు అది.

కానీ ఇది ప్రపంచమంతటికీ వర్తించే రూలు కాదు. 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ లాటిన్ బైబిల్ అచ్చేశాడు. 1466లోనే స్ట్రాస్‌బర్గ్‌లో మెంటెలిన్ జర్మన్ బైబిల్ అచ్చేశాడు. 1471లో వెనిస్‌లో ఇటాలియన్ బైబిల్ వచ్చింది. మార్టిన్ లూథర్ 1522లో తన కొత్త నిబంధన తెచ్చేనాటికే జర్మన్‌లో 18 పూర్తి బైబిళ్లు అచ్చయ్యాయి. కాబట్టి "లూథర్ వచ్చేదాకా జనభాషలో బైబిలే లేదు" అన్నది తప్పు.

అసలు బిగింపు లూథర్ తర్వాత వచ్చింది. చివరి మాట చర్చిది కాదు, గ్రంథానిదే అన్నాడాయన. 1534లో పూర్తి బైబిల్ తెచ్చినప్పుడు ఆ గ్రీకు పుస్తకాలను విడదీసి, రెండు నిబంధనల మధ్య వేరే భాగంగా పెట్టాడు.

దానికి జవాబుగా ఇటలీలోని ట్రెంట్‌లో మహాసభ కూర్చుంది. 1546 ఏప్రిల్ 8న మూడు విషయాలు తేల్చింది. ఒకటి, ఆ పుస్తకాలన్నీ బైబిలే. అంటే ఈనాటి లెక్కలో 73. రెండు, గ్రంథంతో పాటు అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయానికీ సమాన గౌరవం. మూడు, బోధనలకూ వాదనలకూ వల్గేట్ ప్రామాణికం. ఈ "ప్రామాణికం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

1564లో రోమ్ నుంచి నిషిద్ధ పుస్తకాల లిస్టు వచ్చింది. దాని నాలుగో రూలు ఇదీ: జనభాషలో బైబిల్ చదవాలంటే ముందు మీ ఫాదర్ మీరు చదివితే ప్రమాదం లేదని చెప్పాలి, తర్వాత బిషప్పు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేనివాడికి అమ్మిన పుస్తకాల వ్యాపారి ఆ డబ్బు వదులుకోవాలి. ఎవరు పడితే వాళ్లు చదివితే మంచి కంటే చెడే ఎక్కువ అన్నది వాళ్లు చెప్పిన కారణం.

అవును, టైటిల్‌లో ఉన్న పర్మిషన్ లెటర్ నిజమే.

ఇంకో సరదా సంగతి. ప్రామాణికం అన్నారు సరే, వల్గేట్ ప్రతుల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. పోపు సిక్స్టస్ 5 తానే కూర్చుని దిద్ది 1590లో అధికారిక ఎడిషన్ విడుదల చేశాడు. అందులో తప్పులున్నాయి. ఆగస్టులో ఆయన చనిపోగానే కార్డినల్స్ అమ్మకం ఆపించి, ప్రతులు వెనక్కి తెప్పించారు. 1592లో క్లెమెంట్ 8 పేరుతో సరిచేసిన ఎడిషన్ వచ్చింది. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో మా ఫీల్డ్ వాళ్లకు చెప్పక్కర్లేదు.

గెలీలియో నుంచి లగ్రాంజ్ దాకా

తర్వాతి ప్రశ్న, ఎలా చదవాలి? 1615లో గెలీలియో ఒక లేఖలో అగస్టీన్ మాటలనే చూపించి, బైబిల్ ఖగోళశాస్త్రం నేర్పడానికి రాసింది కాదని వాదించాడు. 1633లో ఆయనకు శిక్ష పడింది. 1893 నవంబర్ 18న పోపు లియో 13 బైబిల్ అధ్యయనం మీద బిషప్పులందరికీ లేఖ రాస్తూ, పవిత్ర రచయితలు ప్రకృతి గురించి కంటికి కనిపించినట్టు మాట్లాడారన్నాడు. అగస్టీన్ రాసిన అదే చోటును ఆయనా ఆధారంగా చూపించాడు. గెలీలియో అన్నదే. మధ్యలో 260 ఏళ్లు గడిచాయి.

పర్మిషన్ రూలు కూడా సడలింది. 1757లో, రోమ్ ఆమోదం ఉన్న, లేదా సరైన వివరణలతో వచ్చిన జనభాష బైబిళ్లు చదవొచ్చన్నారు. అయినా అనుమానం పోలేదు. 1864లో పోపు పయస్ 9 ఖండించిన వాటి లిస్టులో సోషలిజం, కమ్యూనిజం పక్కనే బైబిల్ సొసైటీల పేరు కూడా ఉంది.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పాలి. మరీ జోసెఫ్ లగ్రాంజ్, ఫ్రెంచ్ దొమినికన్ ఫాదర్. 1890లో జెరూసలేంలో బైబిల్ స్కూల్ పెట్టాడు. మట్టి తవ్వి, శాసనాలు చదివి, పాత భాషలు నేర్చుకుని బైబిల్‌ను అర్థం చేసుకోవాలన్నది ఆయన పద్ధతి. మోషే పేరుతో ఉన్న ఐదు పుస్తకాల వెనుక వేర్వేరు మూలాలున్నాయన్నది ఆయన ఆలోచన. 1906లో రోమ్‌లోని బైబిల్ కమిషన్, అవి మోషేవి కావనడానికి ఆధారాలు చాలవని తేల్చింది. లగ్రాంజ్ రాసిన ఆదికాండ వ్యాఖ్యానానికి ప్రచురణ అనుమతి రాలేదు. 1912లో ఆయన పుస్తకాలు గురువిద్యాలయాల్లో వాడొద్దని రోమ్ నుంచి ఆదేశం వచ్చింది. ఆ ఏడాది ఆయన జెరూసలేం వదిలి వెళ్లి, మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. చర్చిని వదల్లేదు, ఎదురు తిరగలేదు. కొత్త నిబంధన మీద పని చేసుకుంటూ పోయాడు. 1938లో కన్నుమూశాడు.

ఐదేళ్ల తర్వాత, 1943 సెప్టెంబర్ 30న, పోపు పయస్ 12 లేఖ వచ్చింది. పేరు డివీనో అఫ్లాంతే స్పిరితు. తేదీ చూడండి, అది జెరోమ్ పండగ రోజు. మూల భాషలకు వెళ్లండి, ఆ కాలంలో ఎలా రాసేవారో, ఏది కవిత్వమో ఏది చరిత్రో తెలుసుకుని చదవండి, తవ్వకాల్లో దొరికినవి వాడుకోండి అని చెప్పింది ఆ లేఖ. లగ్రాంజ్ జీవితమంతా అడిగింది దాదాపు ఇదే. చూడటానికి ఆయన లేడు.

మరి ట్రెంట్ వల్గేట్‌ను ప్రామాణికం అంది కదా? పయస్ 12 జవాబు: విశ్వాస విషయాల్లో అది దారి తప్పించదు అన్న అర్థంలో ప్రామాణికం. మూల ప్రతులు అక్కర్లేదని ట్రెంట్ ఎక్కడా అనలేదు.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇది చూసి నవ్వొచ్చింది. పాత కోడ్‌లో ఒక్క లైన్ కూడా డిలీట్ చేయలేదు. డాక్యుమెంటేషన్ మాత్రం మళ్లీ రాశారు!

ఆ ఓటింగ్ రోజు

1962లో రెండో వాటికన్ మహాసభ. బైబిల్ మీద సిద్ధం చేసిన మొదటి డ్రాఫ్ట్ పాత ధోరణిలోనే ఉంది. నవంబర్ 20న దీని మీద చర్చ ఆపేద్దామా అని ఓటింగ్ పెట్టారు. ఆపుదాం అన్నవాళ్లు 1368. వద్దు, సాగిద్దాం అన్నవాళ్లు 822. ఆపడానికి మూడింట రెండు వంతులు కావాలి, సుమారు వంద ఓట్లు తగ్గాయి. అంటే ఎక్కువమందికి నచ్చని డ్రాఫ్టే ముందుకు పోవాలి. మరుసటి రోజు పోపు జాన్ 23 కలగజేసుకుని, దాన్ని వెనక్కి తీయించి కొత్త కమిటీకి అప్పగించాడు.

మూడేళ్లు తిరగరాశారు. 1965 నవంబర్ 18న దేయి వెర్బుమ్ అన్న పత్రం 2344 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకం కేవలం 6. సరిగ్గా 72 ఏళ్ల క్రితం లియో 13 లేఖ వచ్చింది కూడా నవంబర్ 18నే. ఈ పత్రం ఏమంటుందంటే, బైబిల్ విశ్వాసులందరికీ సులువుగా అందాలి. చర్చి బోధనాధికారం దేవుని వాక్కు పైన కూర్చునేది కాదు, దానికి సేవ చేసేది. ఆ వాక్కుకు అధికారికంగా అర్థం చెప్పే బాధ్యత మాత్రం చర్చిదే. ఇతర సంఘాల క్రైస్తవులతో కలిసి అనువాదాలు కూడా చేయొచ్చు. 1968లో, ఒకప్పుడు ఖండించిన బైబిల్ సొసైటీలతోనే ఉమ్మడి అనువాదాలకు నియమాలు రాసుకున్నారు. పూజ జనభాషల్లోకి వచ్చింది. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంగా మారి, జనం వినే బైబిల్ భాగం బాగా పెరిగింది.

మళ్లీ లంచ్ టేబుల్ దగ్గరికి

మా ఇద్దరిలో ఎవరు రైటు? ఇద్దరూ సగం సగం. ఎప్పుడూ బ్యాన్ లేదనడం తప్పు, 1229, 1564 ఉన్నాయి. ఎప్పుడూ ఎక్కడా చదవనివ్వలేదనడమూ తప్పు, లూథర్ ముందటి 18 జర్మన్ బైబిళ్లు ఉన్నాయి. ఆ 7 పుస్తకాలను ట్రెంట్‌లో కొత్తగా కలపలేదు, 4వ శతాబ్దం లిస్టుల్లోనే ఉన్నాయి. అలాగని వాటి మీద అనుమానం లూథర్‌తో మొదలవ్వలేదు, జెరోమ్‌కే ఉంది.

నానమ్మ ఇంట్లో బైబిల్ లేకపోవడానికి ఆ పాత రూలు ఒక్కటే కారణం అనను. చదువు, డబ్బు, లాటిన్ పూజ, అన్నీ ఉంటాయి. కానీ ఆవిడ పెరిగింది 1965కి ముందు. అప్పటికి రూలు పోయినా, రూలు చేసిన అలవాటు పోలేదు. ఒక సంస్థ తలుపు మూయడానికి ఒక్క రూలు చాలు. తెరవడానికి మాత్రం తరాలు పడుతుంది. ఆ మధ్యలో లగ్రాంజ్ లాంటివాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు.

ఈ వీడియో రికార్డ్ చేసే ముందు ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. నానమ్మకు ఇప్పుడు చూపు సరిగా లేదట. రోజూ సాయంత్రం వాడి చెల్లెలు ఫోన్‌లో ఆడియో బైబిల్ పెడుతుందట. ఏ పుస్తకం ఇష్టం అని అడిగాను. "తోబీతు" అన్నాడు. ఆ ఏడింటిలో ఒకటి.

మీ ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒకసారి అడిగి చూడండి, చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో ఏ పుస్తకం ఉండేది, ఎవరు చదివి వినిపించేవారు అని. మళ్లీ కలుద్దాం, ఉంటాను.