తుపాకి మనది, కమాను వారిది

మన భాషలో పెద్ద తుపాకికి ఫిరంగి యని పేరు. ఈ మాట పుట్టుక విచారించినచో చిత్రముగా నుండును. ఐరోపా ఖండమువారిని పారశీకులు ‘ఫరంగీ’ లనిరి. ఫ్రాంకులను జాతి పేరే అట్లు మారినది. తెలుగున ఆ మనుష్యుడు పరంగి యయ్యెను, అతని ఆయుధము ఫిరంగి యయ్యెను. తుపాకి యను మాటయు మనది కాదు; అది తురుష్క భాషనుండి వచ్చినది. పేరుతోపాటు వస్తువును పరదేశమునుండియే వచ్చినపుడు, దాని వెంట ఒక ప్రశ్నయు వచ్చును: అది చెడినపుడు బాగుచేయువాడెవడు? మేమిచట చెప్పదలచినది యుద్ధముల కథ కాదు, ఆ ప్రశ్న యొక్క కథ.

మా యింట ఒక పాత విదేశీయపు రేడియో ఉండెడిది. ఒకనాడు దానిలో స్టేషన్లు మార్చు మరకు చెందిన చిన్న పళ్ళచక్రము విరిగినది. అది అర్ధరూపాయి బిళ్ళకంటె పెద్దది కాదు. అమ్మిన సంస్థకు వ్రాసితిమి. రెండు నెలలకు జవాబు వచ్చినది: మీ ఉత్తరము ప్రధాన కార్యాలయమునకు పంపబడినదని. మరి నాలుగు నెలలకు వేరొక ఉత్తరము: ఆ నమూనా తయారీ నిలిచిపోయినది, క్రొత్త సెట్టు కొనుక్కొనుడని. దానితో ఒక రంగుల ధరల పట్టిక. తుదకు మా వీధి చివర గడియారములు బాగుచేయు ముసలాయన ఇత్తడి రేకును ఆకురాయితో అరగదీసి ఆ చక్రమును చేసి యిచ్చెను. రేడియో మరల పలికినది. రేడియో మూగపోయినచో పోవునది ఒక సాయంకాలపు కచేరీ మాత్రమే. సరిహద్దున ఫిరంగి మూగపోయినచో పోవునవి ప్రాణములు.

పూర్వకాలపు తుపాకి ఒక్కొక్కటి ఒక్కొక్క కమ్మరి చేతి పని. గొట్టము, కొయ్యపిడి, రెండింటికిని నడుమ మందునకు నిప్పంటించు యంత్రము. ఈ యంత్రములో కమానులు, మీటలు, మరచీలలు, చెకుముకిరాతిని పట్టు దవడలు ఉండును. పనివాడు ఒక్కొక్క భాగమును దాని ప్రక్క భాగమునకు సరిపడునట్లు ఆకురాయితో రాచి కూర్చెడివాడు. అందువలన ఒక తుపాకి కమాను మరియొక తుపాకికి పట్టదు. రెండును ఒకే దుకాణమున, ఒకే నెలలో చేసినవైనను పట్టదు. కమాను విరిగిన తుపాకిని తిరిగి పనివాని యొద్దకే కొనిపోవలెను. అతడు ఊరిలో నున్న మేలు. సముద్రమునకావల నున్నచో ఆ తుపాకి కట్టెతో సమానము.

ఈ చిక్కును విప్పబూనిన వారిలో ఫ్రాన్సు దేశపు తుపాకి పనివాడు ఓనోరే బ్లాం ముఖ్యుడు. భాగములన్నింటిని ఒకే కొలతకు, ఒకే అచ్చుకు చేసినచో ఏ భాగమైనను ఏ తుపాకికైనను అమరునని అతని వాదము. 1785లో అమెరికా రాయబారిగా ప్యారిస్‌లో నున్న థామస్ జెఫర్సన్ అతని పనిశాలను చూడబోయెను. బ్లాం ఏబది తుపాకుల యంత్రములను విడదీసి, భాగములను అరలలో పరచి యుంచెను. జెఫర్సన్ చేతికందిన ముక్కలను అందినట్లే తీసి కొన్నింటిని తానే కూర్చి చూచెను. అవి చక్కగా అమరినవి. ఆ సంగతి నతడు తన ప్రభుత్వమునకు ఉత్తరము వ్రాసి తెలిపెను. తుపాకుల మరమ్మతు సులభమగుటయే అతని మనస్సునకు పట్టిన గుణము.

తరువాతి దశాబ్దమున మన హైదరాబాదున మరియొక ప్రయత్నము జరిగినది. నిజాము కొలువున ఫ్రెంచి సేనాని మిషెల్ రేమొన్ ఐరోపా పద్ధతిలో పెద్ద సైన్యమును తీర్చి, 1795లో ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. ‘తోప్ కా సాంచా’ యని ప్రజలు పిలిచిన ఆ చోటికే నేడు గన్‌ఫౌండ్రీ యని పేరు. ఆయుధమును కొనుటకంటె స్వదేశమున చేయుట మేలని ఆనాటి వారికి తెలియకపోలేదు. కాని అందలి విద్య, అజమాయిషీ పరదేశపు అధికారుల చేతిలో నుండెను. రేమొన్ 1798 మార్చిలో మరణించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని ఒడంబడిక కుదిరినది. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల క్రింది సైన్యము ఆయుధములు దింపవలసి వచ్చినది. రాజ్యరక్షణ భారము కంపెనీ సేనల పాలయ్యెను. కొలిమి మన నేలపై నున్నంత మాత్రమున విద్య మనదైనట్లు కాదని హైదరాబాదు చరిత్ర చెప్పుచున్నది. సరూర్‌నగర్ దారిలో ఆస్మాన్‌గఢ్ గుట్టపై రేమొన్ సమాధి నేటికిని కలదు.

ఫ్రాన్సులో మొలకెత్తిన ఆలోచన అమెరికాలో పండినది. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ అనునతడు యంత్రములతోను, కొలత గేజులతోను రైఫిళ్ళను చేయించెను. 1826లో ప్రభుత్వము నియమించిన పరీక్షకులు అతని పద్ధతిని పరిశీలించి, భాగములను కలగలిపి మరల కూర్పించి, మిక్కిలి మెచ్చుకొనిరి. 1851లో లండను మహాప్రదర్శనమున అమెరికా రైఫిళ్ళను చూచి ఇంగ్లండువారు ఆశ్చర్యపడిరి. తరువాత తమ నిపుణులను అమెరికాకు పంపి, అచటి యంత్రములను కొనితెచ్చి, ఎన్‌ఫీల్డు కర్మాగారమున నెలకొల్పిరి. ఎన్‌ఫీల్డు పేరు మనకు క్రొత్త కాదు. 1857 తిరుగుబాటున తూటాల కలకలమునకు కారణమైనది ఆ రైఫిలే.

ఇక కథలో రసవత్తరమైన ఘట్టము 1861లో మొదలయినది. అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము పుట్టెను. ఉభయ పక్షములకును తుపాకులు చాలలేదు. ఉభయుల ప్రతినిధులును ఇంగ్లండునకు పరుగెత్తి ఎన్‌ఫీల్డు నమూనా రైఫిళ్ళను లక్షల కొలది కొనిరి. కాని వారికి దొరికినవి ఎన్‌ఫీల్డు ప్రభుత్వ కర్మాగారపు సరకు కాదు. అధిక భాగము లండను, బర్మింగ్‌హామ్ నగరముల ప్రైవేటు పనివారు పాతపద్ధతిని చేతితో రాచి చేసినవి. చూపునకు అన్నియు ఒక్కటే. విప్పి చూచినచో ఒకదాని భాగము మరియొకదానికి పట్టదు. లండనులో ఒక కంపెనీ మాత్రము యంత్రములపై చేసి, భాగములు మార్చుకొనదగిన రైఫిళ్ళను అమ్మెను. సైన్యములు వానినే ఎక్కువగా కోరినవి.

దక్షిణాది వారి బాధ మరింత పెద్దది. వారి రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించినవి. తుపాకి తెచ్చిన ఓడ తప్పించుకొని రాగలిగినను, విరిగిన కమానునకు బదులు కోరి ఉత్తరము వ్రాసి కూర్చుండుటకు అది సమయము కాదు. అయితే వారికి ఒక అదృష్టము కలిగినది. యుద్ధారంభమున హార్పర్స్ ఫెర్రీని పట్టుకొని అచటి యంత్రములను రిచ్‌మండ్, ఫేయట్‌విల్ నగరములకు తరలించిరి. ఆ యంత్రములే యుద్ధాంతమువరకు వారికి తుపాకులు చేసిపెట్టినవి. పదివేల తుపాకులకంటె తుపాకులు చేయు పది యంత్రములు విలువైనవని వారు అనుభవముతో నేర్చిరి.

ఈ నీతిని పాలకులు మరియొక విధమున గ్రహించిరి. ఎవని చేతిలో కొలిమి ఉండునో వానిదే పైచేయి. 1857 తరువాత మన దేశమున బ్రిటిషు ప్రభుత్వము, కొలదిపాటి పర్వత దళములు తప్ప, ఫిరంగి దళములను భారతీయుల చేతినుండి తీసివేసెను. సిపాయిలకు ఎన్‌ఫీల్డు పోలికనే గల తుపాకి నిచ్చెను గాని, దాని గొట్టములోని మెలికగాళ్ళు తీసి నున్నగా తొలిపించెను. గురి తగ్గినది, దూరము తగ్గినది. కలకత్తా యొద్ద కాశీపురమున 1801లోనే ఫిరంగి బండ్ల సంస్థ ఏర్పడినది. జబల్‌పూరున 1904లో ఫిరంగి బండ్ల కర్మాగారము వెలసినది. పనివారు మనవారే. నమూనా గీయు కలము మాత్రము వేరొకరి చేతిలో ఉండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ కలము మన చేతికి వెంటనే రాలేదనుటకు బోఫోర్సు ఫిరంగి చరిత్రయే సాక్ష్యము. 1986 మార్చి 24న భారత ప్రభుత్వము స్వీడను దేశపు బోఫోర్సు సంస్థతో 155 మిల్లీమీటర్ల ఫిరంగుల కొరకు ఒప్పందము చేసికొనెను. దాని విలువ సుమారు 1,437 కోట్ల రూపాయలు. నాలుగు వందలకు పైగా ఫిరంగులు వచ్చినవి. వానితోపాటు స్వదేశమున వానిని చేసికొనుటకు కావలసిన సాంకేతిక పత్రములును వచ్చినవి. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 16న స్వీడను రేడియో ఈ బేరమున ముడుపులు చెల్లినవని ప్రసారము చేసెను. ఒక రేడియో వార్త ఒక దేశపు రాజకీయములనే కదలించినది. ఆ వివాదము దశాబ్దముల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరిగినది. దాని మంచిచెడ్డలు నేటి మా విషయము కావు. ఫిరంగి గతి యేమైనదన్నదే మా ప్రశ్న.

ఆ సంస్థతో వ్యవహారమును ప్రభుత్వము నిషేధించెను. నీతి దృష్టితో చూచినవారికి అది న్యాయమే. కాని నిషేధము కాగితముపై సంస్థకు తగిలినను, పొలిమేరలో ఫిరంగికిని తగిలినది. విడిభాగములు రావు. కాలము గడచుకొలది అరిగిన భాగమునకు బదులు భాగము లేక, ఒక ఫిరంగిని విప్పి మరియొకదానిని నిలుపవలసిన దుస్థితి కలిగినది. ఇంటిలో రెండు పంకాలు చెడినచో ఒకదానిని బలియిచ్చి రెండవదానిని తిప్పుకొనుట గృహస్థులెరిగినదే. ఒక సైన్యము అట్లు చేయవలసి వచ్చుట వేరు.

1999 వేసవిలో కార్గిల్ యుద్ధము వచ్చినది. శత్రువు ఎత్తయిన శిఖరములపై కూర్చుండెను. తోలోలింగ్, టైగర్ హిల్ వంటి చోట్ల పదాతులు నిట్టనిలువు రాళ్ళపై ప్రాకి పోవుచుండగా, వెనుకనుండి శిఖరములపై గుండ్లు కురిపించి వారికి దారి చేసినవి ఆ బోఫోర్సు ఫిరంగులే. ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరము, నిడుపైన కోణము ఆ కొండలలో ఎంతో పనికి వచ్చినవి. పేరు చెడిన బేరములో వచ్చిన ఫిరంగి మంచిదని యుద్ధము ఋజువు చేసెను. ఆ సమయముననే విడిభాగముల కొరకు ప్రభుత్వము పాత నిషేధమును సడలింపవలసి వచ్చెను. మంచి వస్తువును కొని, దాని ఆయువును మాత్రము కొనకుండుట ఎంత ప్రమాదమో ఆ వేసవి చూపినది.

ఇచట మేమొక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. విదేశీయుడు భాగము లీయలేదని, ఉత్తరమునకు బదులీయలేదని నిందించుట సులభము. మా పళ్ళచక్రము విషయమున మేమును అట్లే నిందించితిమి. కాని బోఫోర్సు కథలో సగము తప్పు మనదే. వచ్చిన సాంకేతిక పత్రములు మన కర్మాగారముల బీరువాలలో సంవత్సరముల తరబడి నిద్రించినవి. విడిభాగముల కరవునకు మందు ఆ బీరువాలలోనే ఉండెను. దానిని తెరచినది చాల ఆలస్యముగా.

తుదకు తెరచిరి. ఆ పత్రముల ఆధారమున, వానికి మెరుగులు దిద్ది, గొట్టము పొడవు పెంచి, జబల్‌పూరు కర్మాగారమున ‘ధనుష్’ అను ఫిరంగిని చేసిరి. 2019 ఫిబ్రవరిలో 114 ఫిరంగుల తయారీకి అనుమతి లభించెను. ఏప్రిల్ 8న మొదటి ఆరింటిని సైన్యమునకు అప్పగించిరి. నడుమ ఒక అపశ్రుతియు వినబడినది. ఈ ఫిరంగికి కావలసిన ఒకానొక బేరింగు జర్మనీ సరకని చెప్పి చైనా సరకును అంటగట్టిరను ఆరోపణపై 2017లో కేంద్ర నేర పరిశోధక సంస్థ కేసు నమోదు చేసెను. ఆరోపణ నిజానిజముల మాట అటుంచుడు. ఫిరంగి స్వదేశమున చేసినను, అందు తిరుగు ఒక్క బేరింగు కొరకు మనము ఇంకను పరుల ముఖము చూడవలసి వచ్చెనని ఆ కేసు తెలుపుచున్నది. పని సగమయినది, సగము మిగిలియున్నది.

ఆయుధములు ఉండవలెనా, వలదా యన్నది పెద్దల చర్చ. ఉండక తప్పనంతకాలము వానిని పట్టుకొని కొండ యెక్కువాడు మన ఊరి పిల్లవాడే. బేరము చేయునపుడు ధర యెంత, దూరమెంత యని అడుగుట అందరికి తెలిసినదే. పదేండ్ల తరువాత కమాను విరిగినచో ఎవరిని అడుగవలెనని అడుగుట అరుదు. ఆ ప్రశ్నను మొదటనే అడిగియున్నచో కార్గిల్ నాటికి బీరువాల తాళములు తీసియే యుండెడివి.

మా వీధి చివరి ముసలాయన ఇపుడు లేడు. అతడు చేసిన ఇత్తడి చక్రము మాత్రము ఆ రేడియోలో ఇంకను తిరుగుచున్నది. అతని కుమారుడు ఆ ఆకురాయిని పట్టలేదు. వేరు ఉద్యోగమునకు పోయెను. ఆ చక్రము మరల విరిగినచో ఏమి చేయుదుమా యని మేము అప్పుడప్పుడు ఆలోచించుచుందుము.